ఏమీ షెరల్డ్ బూడిదరంగు: నల్లజాతి స్త్రీల పోర్ట్రెయిట్ పద్ధతిపై ఒక కేస్ స్టడీ

నల్లజాతి స్త్రీ బొమ్మ వేయమంటే చాలామంది పెయింటర్లు ముందు పాలెట్ మీద గోధుమరంగు కలపడం మొదలుపెడతారు. బర్న్ట్ అంబర్ గోధుమ, కొంచెం అలిజరిన్ ఎరుపు, కొంచెం అల్ట్రామెరీన్ నీలం. అది కుదిరితే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. అమెరికన్ చిత్రకారిణి ఏమీ షెరల్డ్ ఆ గోధుమరంగునే తీసేశారు. ఆమె బొమ్మల్లో చర్మం బూడిదరంగులో ఉంటుంది, బట్టలూ నేపథ్యమూ నిండు రంగుల్లో ఉంటాయి. చర్మంలోంచి రంగు తీసేస్తే మనిషిని చెప్పే భారమంతా చూపు మీద, నిలబడిన తీరు మీద, బట్ట మీద, అంచుల మీద పడుతుంది. ఇరవై ఏళ్ళలో ఆమె ఎదుగుదలను వరసగా చూస్తే, ఆ భారం ఎత్తుకోవడం ఒక్కొక్కటిగా నేర్చుకున్న క్రమం కనిపిస్తుంది. ఇక్కడ ఆ క్రమాన్నీ, అదే దారిలో ప్రయత్నించేవాళ్ళకు స్టూడియోలో ఎదురయ్యే చిక్కుల్నీ కలిపి చెబుతున్నాం.

ఎక్కడినుంచి మొదలు

షెరల్డ్ 1973లో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టారు. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి కొలంబస్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు బో బార్ట్‌లెట్ 1986లో వేసిన ‘ఆబ్జెక్ట్ పర్మనెన్స్’ చూశారు. అందులో ఒక నల్లజాతి మనిషి ఉన్నాడు. మ్యూజియం గోడ మీద తనలాంటి మనిషిని చూడటం తనకు అదే మొదలని ఆమె చెబుతూ వచ్చారు. 1997లో క్లార్క్ అట్లాంటా యూనివర్సిటీలో డిగ్రీ, 2004లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఎం.ఎఫ్.ఏ. అక్కడ గ్రేస్ హార్టిగన్ దగ్గర చదివారు, ఆ తర్వాత నార్వేలో ఆడ్ నెర్డ్రుమ్ దగ్గర పని నేర్చుకున్నారు. ఈ ఇద్దరికీ పొంతన లేదు. హార్టిగన్ అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం (రూపాన్ని వదిలి రంగుతోనే భావం చెప్పే ధోరణి) తరం మనిషి, రంగును కారనిచ్చే చేయి. నెర్డ్రుమ్ రెంబ్రాంట్ కాలం నాటి వెలుగునీడల పట్టు ఉన్నవాడు. తొలి బొమ్మల్లో మచ్చలు మచ్చలుగా, పొరలు పొరలుగా కనిపించే నేపథ్యం ఒక గురువుదీ, ముఖం కట్టిన తీరు ఇంకొకరిదీ అని చెప్పుకోవచ్చు. రెండూ ఒకే కాన్వాస్ మీద ఇమడటానికి ఆమెకు ఏళ్ళు పట్టింది.

2004లోనే గుండె జబ్బు బయటపడింది. మధ్యలో ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకోవడానికి కొన్నేళ్ళు కుంచె పక్కన పెట్టాల్సి వచ్చింది. 38 ఏళ్ళ దాకా బాల్టిమోర్‌లో హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేస్తూ బొమ్మలు వేశారు. 2012 డిసెంబరులో, 39 ఏళ్ళ వయసులో గుండె మార్పిడి జరిగింది. ఆ మరుసటి ఏడాది వేసిన ‘మిస్ ఎవ్రీథింగ్’ 2016లో స్మిత్‌సోనియన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ నిర్వహించే ఔట్‌విన్ పోర్ట్రెయిట్ పోటీలో మొదటి బహుమతి తెచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమే, మొదటి ఆఫ్రికన్ అమెరికన్ కూడా ఆమే. జబ్బు వల్లే కళ వికసించిందని రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. బొమ్మలు చూస్తే ఆ మాట నిలబడదు. 2009 నాటి ‘దే కాల్ మీ రెడ్‌బోన్ బట్ ఐడ్ రాదర్ బీ స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్’లోనే బూడిదరంగు చర్మం, ఎదురుగా నిలబడి నేరుగా చూసే మనిషి, ఊరూ పేరూ చెప్పని నేపథ్యం ఉన్నాయి. నల్లజాతివారిలో లేతఛాయ ఉన్నవాళ్ళను రెడ్‌బోన్ అంటారు. ఛాయ గొడవను పేరులో పెట్టి, ఛాయను మాత్రం బొమ్మలోంచి తీసేయడం అప్పటికే తేల్చుకున్న నిర్ణయం.

ఆ నిర్ణయానికి మూలం పాత ఫోటోలు. ఇళ్ళల్లో దాచుకున్న నలుపు తెలుపు ఫోటోల్లో ఆఫ్రికన్ అమెరికన్లు తమకు నచ్చినట్టు తయారై, తమకు నచ్చినట్టు నిలబడి ఉంటారు. 1900 పారిస్ ఎక్స్‌పొజిషన్ అనే ప్రపంచ ప్రదర్శనకు నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ కూర్చిన 300కు పైగా ఫోటోలు ఈ కోవలో ముఖ్యమైనవి. మ్యూజియంల గోడలు ఖాళీగా ఉన్న కాలంలో పోర్ట్రెయిట్ పని చేసింది కెమెరాయే. షెరల్డ్ బూడిదరంగును ఆ ఫోటోల కొనసాగింపుగా చూస్తే కొన్ని చిక్కుముడులు విడిపోతాయి.

పాలెట్ మీద ఏం జరుగుతుంది

చర్మానికి ఆమె వాడేది నలుపు, నేపుల్స్ యెల్లో అనే లేత పసుపు. తెలుపూ నలుపూ కలిపితే వచ్చే బూడిదరంగు నీలంగా, చల్లగా, సిమెంటులా ఉంటుంది. నేపుల్స్ యెల్లో కలిపితే లోపల వెచ్చదనం ఉంటుంది. దూరంనుంచి బూడిదగా, దగ్గరికి వెళ్తే చర్మంగా అనిపించడానికి కారణం అదే. కింద చెప్పే నిష్పత్తులు ఈ పద్ధతిని సాధన చేసేవాళ్ళకోసం, ఆమె పాలెట్ మీద కొలిచినవి కావు.

ఐవరీ బ్లాక్ 1 పాలు, నేపుల్స్ యెల్లో 1 పాలు కలిపి మొదటి కుప్ప చేయండి. దాన్నుంచి పైకి మూడు, కిందికి మూడు మెట్లు కట్టాలి. పైమెట్టుకు వెళ్ళేకొద్దీ పసుపు రెట్టింపు, కిందికి వెళ్ళేకొద్దీ నలుపు రెట్టింపు. బ్రాండు మారితే లెక్క మారిపోతుంది కాబట్టి ప్రతి కుప్పనూ గ్రే స్కేల్ కార్డు (నలుపునుంచి తెలుపుదాకా మెట్లు అచ్చేసిన అట్ట) పక్కన పెట్టి చూసుకోవాలి. నలుపు 0, తెలుపు 10 అనుకుంటే, ముదురు చర్మం మామూలు వెలుగులో 3కీ 4కీ మధ్య ఉంటుంది. నీడలు 1.5 నుంచి 2, మెరుపు 6 లేదా 7.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. ముదురు బూడిద పాలెట్ మీద మురికిగా కనిపిస్తుంది. భయపడి మధ్య ఛాయను 5కో 6కో ఎత్తేస్తారు. ముఖం శుభ్రంగా వస్తుంది, కానీ అందులో నల్లజాతి స్త్రీ ఉండదు, ప్లాస్టర్ విగ్రహం ఉంటుంది. గోధుమరంగు లేనప్పుడు ఛాయను చెప్పేది ముదురుతనం ఒక్కటే. దాన్నీ వదిలేస్తే ఇంకేం మిగలదు. పాలెట్ మీద కాకుండా, నేపథ్యం రంగు పూసిన ముక్క పక్కన పెట్టి చూస్తే ఆ భయం పోతుంది.

రెండో తప్పు ఆకుపచ్చ. ఐవరీ బ్లాక్ పాలెట్ మీద బలహీనమైన నీలంలా ప్రవర్తిస్తుంది. పసుపుతో కలిస్తే ఆలివ్ వైపు జారుతుంది. మధ్య మెట్లలో ఇది ఎక్కువ. బియ్యపుగింజంత ఇండియన్ రెడ్ వేస్తే సర్దుకుంటుంది. అంతకు మించితే మళ్ళీ గోధుమరంగే. పసుపులో మూడో వంతు తీసి టైటానియం వైట్ వేసినా ఆకుపచ్చ తగ్గుతుంది, కానీ సుద్దతనం వస్తుంది. మార్కెట్లో నేపుల్స్ యెల్లో పేరుతో దొరికే ట్యూబుల్లో చాలావరకు నకలు మిశ్రమాలే, వాటిలో తెలుపు ముందే ఉంటుంది. ట్యూబు వెనక పిగ్మెంట్ నంబర్లు చదవండి. పి.వై.41 అని ఉంటే అది అసలు రంగు, అందులో సీసం ఉంటుంది. గ్లౌజులు వేసుకోవాలి, ఎండిన పూతను గరుకు కాగితంతో రుద్దకూడదు, దాన్ని వాడే బల్ల మీద టీ కప్పు పెట్టకూడదు.

మూడోది ఎండటం. ఐవరీ బ్లాక్ నూనె ఎక్కువ తాగుతుంది, ఆలస్యంగా ఎండుతుంది. పల్చటి పూత కూడా వారం దాటవచ్చు. వర్షాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఇంకా ఎక్కువ పడుతుంది. దాన్ని అడుగు పూతలో మందంగా వేసి పైన త్వరగా ఎండే రంగు వేస్తే పైపూత పగులుతుంది. అడుగు డ్రాయింగ్‌కు, నీడల మొదటి పూతకు త్వరగా ఎండే గోధుమరంగు రా అంబర్ వాడి, దాన్ని టర్పెంటైన్‌తో పల్చన చేసి, నలుపు-పసుపు మిశ్రమాన్ని పైపూతల్లోకి దాచుకోవాలి. ఎండాక నలుపు చోట్ల మెరుపు చచ్చి మసకబారుతుంది. దాన్ని చూసి ఛాయ తప్పిందని మళ్ళీ రంగు వేయకండి. అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి పల్చగా రాసి, పావుగంట ఆగి బట్టతో తుడిచేస్తే అసలు ఛాయ తేలుతుంది.

అమెరికన్ నల్లజాతి చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ ఈ చర్మం రంగు చిక్కును ఎదుటి చివరినుంచి పట్టుకున్నాడు. ఆయన మనుషులు నలుపంటే నలుపే. ఐవరీ, కార్బన్, మార్స్ బ్లాక్‌లను వేర్వేరుగా వాడి, వాటిలో నీలం, ఆకుపచ్చ, ఊదా కలిపి, నలుపులోనే ఛాయలు పుట్టిస్తాడు. షెరల్డ్ జాతి రంగును పక్కకు జరిపితే, మార్షల్ దాన్ని చివరిదాకా లాగాడు. మధ్యలో ఆగిపోయే పనితనం మాత్రం ఎటూ కాకుండా పోతుంది.

ఫోటో తీసేటప్పుడే సగం బొమ్మ

షెరల్డ్ ఎక్కువగా మోడల్‌ను ఫోటో తీసుకుని దాన్నుంచి వేస్తారు. మోడల్‌ను ఎన్నుకునేదీ, బట్టలు చూసేదీ ఆమే. ఫోటో చెడితే కాన్వాస్ మీద బాగుచేయలేం. వెలుగు కొలిచే కెమెరా మీటరు తన ముందున్నదంతా 18 శాతం బూడిద, అంటే నడిమి బూడిద అనుకుంటుంది. ముదురు ముఖం ఫ్రేమంతా నిండితే వెలుగు పెంచి ఛాయను పాలిపోయేట్టు చేస్తుంది. వెనక తెల్లగోడ ఉంటే వెలుగు తగ్గించి ముఖాన్ని నల్లటి ముద్ద చేస్తుంది. మోడల్ చెంప దగ్గర గ్రే కార్డు పట్టి, దాని మీద మీటరు చూసి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, రా ఫార్మాట్‌లో (కెమెరా సవరించని ఫైలుగా) తీయాలి. ఫోన్‌తో తీస్తే హెచ్.డి.ఆర్., బ్యూటీ మోడ్ రెండూ ఆపేయాలి. మన పెళ్ళి స్టూడియోల్లో అడక్కుండానే ‘ఫెయిర్’ చేసి ఇచ్చే ఫోటోలు ఈ పనికి అసలు పనికిరావు.

ముదురు చర్మం మీద ఆకారం నీడతో కంటే మెరుపుతో ఎక్కువ తెలుస్తుంది. నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం, కింది పెదవి మీద వెలుగు చిన్నగా, పదునుగా నిలుస్తుంది. అందుకే చిన్న ఫ్లాష్ పనికిరాదు, చెమట పట్టినట్టు చుక్కలు పడతాయి. ఆరుబయట నీడపట్టున నిలబెట్టి, ఒక పక్కన మూడడుగుల తెల్ల థర్మాకోల్ షీటు పెడితే మెరుపు పరుచుకుంటుంది. రెండో పక్కన నల్ల గుడ్డ పడితే దవడ అంచు తేలుతుంది. పెయింట్ చేసేటప్పుడు ఆ మెరుపు చివరిది. అందులో తెలుపు ఎక్కువైతే చర్మం బూడిద పూసినట్టు పొడిబారుతుంది. గ్రే స్కేల్లో 7 దాటనివ్వకండి.

నిలబడటం సంగతి. ఆమె మనుషులు నవ్వరు, ఏడవరు, ఏ పనీ చేస్తున్నట్టు నటించరు. చూసేవాడి వైపు చూస్తారు. నల్లజాతి స్త్రీని బాధలోనో పోరాటంలోనో తప్ప చూపని చిత్రాలకు ఇది సమాధానం. ‘మిస్ ఎవ్రీథింగ్’లో తెల్ల గ్లౌజులు, చుక్కల డ్రెస్సు, చేతిలో అంతపెద్ద టీ కప్పు. చూసేవాడికి నవ్వు రావచ్చు, ఆమె మాత్రం నవ్వదు. ఈ తూకం ఫోటోలోనే దొరకాలి. మోడల్‌ను ‘గంభీరంగా ఉండు’ అంటే ముఖం కోపంగా పెడుతుంది. మొదటి పదిహేను నిమిషాల ఫోటోలు పారేయడానికే అనుకుని తీస్తూ పోతే, పోజు పెట్టి అలసిపోయాక అసలు ముఖం బయటికొస్తుంది.

నేపథ్యం, అంచు, రంగు లెక్క

కాలం గడిచేకొద్దీ ఆమె నేపథ్యాల్లోని మచ్చలూ పొరలూ పోయి ఒకే రంగు సమంగా పరుచుకుంది. చూడటానికి సులువుగా ఉంటుంది, చేయడానికి కాదు. ఆమె ఎక్కువసార్లు వాడిన కొలత 54 x 43 అంగుళాలు, అంటే దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. అందులో మూడింట రెండు వంతులు నేపథ్యమైతే రెండు పూతలకు 150 నుంచి 200 మిల్లీలీటర్ల రంగు ఒకేసారి కలుపుకోవాలి. మధ్యలో అయిపోయి మళ్ళీ కలిపితే అతుకు కనబడుతుంది. గాజు సీసాలో వేసి, పైన ప్లాస్టిక్ కవరు ఆనించి మూత పెడితే కొన్నాళ్ళు నిలుస్తుంది. వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో మొదటి పూత నిలువుగా, రెండోది అడ్డంగా.

పాడయ్యేది అంచు దగ్గర. మనిషిని పూర్తిచేసి చుట్టూ నేపథ్యం వేస్తే గీత కట్టినట్టు గట్టు లేస్తుంది, కత్తిరించి అతికించిన బొమ్మలా ఉంటుంది. నేపథ్యాన్ని మనిషి గీతలోపలికి అర సెంటీమీటరు పోనిచ్చి, ఎండాక దాని మీదుగా చర్మం తేవాలి. జుట్టు దగ్గర మాత్రం రెండూ పచ్చిగా ఉన్నప్పుడే కలపాలి, లేకపోతే విగ్గులా కూర్చుంటుంది.

నేపథ్యం రంగు చర్మం రంగును కూడా మారుస్తుంది. గులాబీ పక్కన ఇదే బూడిద ఆకుపచ్చగా, నారింజ పక్కన నీలంగా, నీలి ఆకుపచ్చ పక్కన ఎర్రగా వెచ్చగా కనిపిస్తుంది. చర్మం కలిపాక నేపథ్యం ఎన్నుకోవడం తలకిందుల పని. ముందు నేపథ్యం తేల్చి, దాని నమూనా మీద ఏడు మెట్లూ చుక్కలు పెట్టి, అప్పుడు చర్మం సరిచేసుకోవాలి.

రెండు కఠిన పరీక్షలు

మిషెల్ ఒబామా పోర్ట్రెయిట్‌ను 2018 ఫిబ్రవరి 12న నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆవిష్కరించారు. ఆరడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు లినెన్ మీద ఆయిల్. లేతనీలం నేపథ్యం, గడ్డం కింద చేయి, కాన్వాస్ కింది సగమంతా పరుచుకున్న మిల్లీ బ్రాండు గౌను. గౌను మీది డిజైన్లో అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు కుట్టే బొంతల జాడ ఉంది. పోలిక రాలేదన్న విమర్శ ఆరోజే మొదలైంది. ఆ విమర్శను కొట్టిపారేయడం తేలికే కానీ, అందులో పనికి సంబంధించిన నిజం ఉంది. లోకమంతా టీవీలో రంగుల్లో చూసిన ముఖాన్ని మనం గుర్తుపట్టేది పెదవికీ చర్మానికీ, కనుబొమకూ నుదుటికీ ఉన్న రంగు తేడాతో కూడా. బూడిదలో ఆ తేడాలు కుంచించుకుపోతాయి. పైగా ఆమెను అందరూ నవ్వుతూ చూశారు, ఇక్కడ నవ్వు లేదు. ఎవరికీ తెలియని మోడల్ విషయంలో ఈ సమస్యే రాదు. తెలిసిన ముఖానికి ఈ పద్ధతి వాడితే కనుబొమల మందం, పెదవుల అంచు ఒక మెట్టు గట్టిగా వేయాలి. షెరల్డ్ ఆ రాజీకి పోలేదు. చరిత్రకు ఆ నిర్ణయం మేలే చేసిందని మా అభిప్రాయం. జనం తాకిడి తట్టుకోలేక కొద్ది వారాల్లోనే గ్యాలరీ ఆ బొమ్మను విశాలమైన గదిలోకి మార్చింది.

బ్రియోనా టేలర్ పోర్ట్రెయిట్ ఇంకా కష్టం, ఎందుకంటే ఫోటో తీయడానికి మనిషి లేదు. 2020 మార్చి 13న లూయివిల్‌లో పోలీసులు ఆమె ఇంట్లో చొరబడి కాల్పులు జరిపితే 26 ఏళ్ళ వయసులో చనిపోయింది. వానిటీ ఫెయిర్ 2020 సెప్టెంబరు సంచిక ముఖచిత్రానికి ఈ బొమ్మ. ఇలాంటి పని మన పోర్ట్రెయిట్ పెయింటర్లకు కొత్త కాదు. పోయిన తాతగారి పాస్‌పోర్ట్ సైజు ఫోటో తెచ్చి, నిలువెత్తు బొమ్మ చేసి, కాస్త రంగు తేల్చమని అడగనివాళ్ళు అరుదు. చిన్న ఫోటోలోని తలను వేరే ఒంటి మీద పెట్టినప్పుడు మెడ దగ్గర దొరికిపోతాం. వెలుగు ఒకవైపునుంచి తల మీద, ఇంకోవైపునుంచి ఒంటి మీద పడుతుంది.

షెరల్డ్ దారి వేరు. టేలర్ ఒడ్డూపొడవూ ఉన్న మరో యువతిని నిలబెట్టి ఒంటిని ఫోటో తీసుకున్నారు. టేలర్ ఎలాంటి మనిషో తెలుసుకున్నారు. గౌను అట్లాంటాకు చెందిన నల్లజాతి డిజైనర్ జాస్మిన్ ఎల్డర్ చేసింది. మెడలో సన్నటి గొలుసుకు శిలువ, వేలికి ఉంగరం. ప్రియుడు ఇవ్వాలనుకుని ఇవ్వలేకపోయిన ఉంగరం అది, అతని అనుమతి అడిగే వేశారు. చేయి నడుం మీద, చూపు సూటిగా. గౌనూ నేపథ్యమూ ఒకే కుటుంబపు నీలి ఆకుపచ్చ. రంగు తేడా లేకుండా అంచు తేలాలంటే గౌనును నేపథ్యం కంటే ఒకటిన్నర మెట్టు ముదురుగా పట్టి, మడతల్లో ఇంకో మెట్టు దించాలి, లేకపోతే నడుం నేపథ్యంలో కరిగిపోతుంది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం ఆ నీలి ఆకుపచ్చ పక్కన బూడిద చర్మం వెచ్చబడుతుంది. చనిపోయిన మనిషి బొమ్మలో బూడిద చర్మం శవపు రంగులా కనిపించే ప్రమాదం ఉంది, దాన్ని తప్పించింది ఈ నేపథ్యమే.

అమ్మకం కూడా పనిలో భాగమే. లూయివిల్‌లోని స్పీడ్ ఆర్ట్ మ్యూజియం, వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం దీన్ని ఉమ్మడిగా కొన్నాయి. రెండు ఫౌండేషన్లు పది లక్షల డాలర్లు ఇచ్చాయి. ఆ సొమ్ముతో యూనివర్సిటీ ఆఫ్ లూయివిల్‌లో టేలర్ పేరిట న్యాయవిద్యార్థులకు సాయం ఏర్పాటైంది. 2020 డిసెంబరులో, 2015 నాటి ‘ద బేదర్స్’ ఫిలిప్స్ వేలంలో 42 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంతకుముందే చేతులు మారిన బొమ్మల మీద వేలంలో వచ్చే లాభంలో చిత్రకారులకు అమెరికా ఫెడరల్ చట్టం వాటా ఇవ్వదు. మన కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్లో 10,000 రూపాయలు దాటిన మూలచిత్రాలకు పునర్విక్రయ వాటా హక్కు ఉంది. దాన్ని అడిగి తీసుకునే పెయింటర్లు మాత్రం అరుదు.

2019 తర్వాత

కొలతలు పెరిగాయి. సముద్రతీరంలో అబ్బాయిలు అమ్మాయిల్ని భుజాల మీద ఎత్తుకున్న ‘ప్రెషస్ జ్యువెల్స్ బై ద సీ’ పది అడుగుల ఎత్తు. ఒంటరిగా నిలబడిన మనిషికి పక్కన ఇంకొకరు, వెనక ఆకాశం, ఇసుక వచ్చాయి. పోర్ట్రెయిట్‌గా చూస్తే బిగువు కొంత సడలింది. నేపథ్యం ఖాళీగా ఉన్నప్పుడు చూపుకు ఉన్న బలం సముద్రం ముందు తగ్గుతుంది. 2024 నాటి ‘ట్రాన్స్ ఫార్మింగ్ లిబర్టీ’లో మళ్ళీ ఒంటరి మనిషి దగ్గరికి వచ్చారు. నల్లజాతి ట్రాన్స్ స్త్రీ స్వేచ్ఛా విగ్రహంలా నిలబడి ఉంటుంది.

‘అమెరికన్ సబ్లైమ్’ పేరుతో శాన్‌ఫ్రాన్సిస్కోలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జరిగిన ప్రదర్శన 2025 సెప్టెంబరులో వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి రావాల్సింది. ‘ట్రాన్స్ ఫార్మింగ్ లిబర్టీ’ని ప్రదర్శనలోంచి తీసేసే ఆలోచన జరుగుతోందని తెలిసి జులైలో షెరల్డ్ మొత్తం ప్రదర్శననే వెనక్కి తీసుకున్నారు. తర్వాత అది బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో తెరుచుకుంది. పెద్ద సంస్థకు బొమ్మలు పంపే ఎవరైనా అప్పగింత ఒప్పందంలో మూడు మాటలు ముందే రాయించుకోవాలి: ఏ బొమ్మనైనా తీసేయాలంటే చిత్రకారుల రాతపూర్వక అనుమతి ఉండాలి, గోడ మీది వివరణ మార్చాలంటే వాళ్ళకు చూపించాలి, ఒక్క బొమ్మ తీసేసినా మిగతావన్నీ సంస్థ ఖర్చుతోనే వెనక్కి రావాలి. పెట్టెలు లారీ ఎక్కాక ఈ బేరం కుదరదు.